చేను మనది, చెట్టు ఎవరిది?

మన ఆదివాసుల చరిత్ర రాసినవాళ్లు భూమి గురించి రాశారు, పోరాటాల గురించి రాశారు. ఇంటి గురించి రాసినవాళ్లు తక్కువ. కానీ అడవి మన చేతిలోంచి ఎట్లా పోయిందో తెలుసుకోవాలంటే మన ఇంటి కప్పు కిందనే నిలబడి పైకి చూస్తే చాలు. నిటారు టేకు గుంజల మీద లేచిన ఇల్లు ఒక కాలానిది. దొరికిన వంకర కర్రలతో సర్దుకున్న ఇల్లు ఇంకో కాలానిది. ఇనుప పైపుల మీద రేకులు పరిచిన ఇల్లు ఇప్పటిది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాను ముందు పెట్టుకుని, అవసరమైన చోట గోదావరి ఏజెన్సీని, బస్తర్‌ను కూడా చూస్తూ మన ఇంటి కలప చరిత్ర చెప్పుకుందాం.

ఇల్లు ఎట్లా లేచేది

గోండీలో మనం ఇంటిని రోన్ అంటాం. కోయ బంధువులు లోన్ అంటారు. మాటలో తేడా చిన్నదే, కట్టుబడిలో కూడా తేడా చిన్నదే. మామూలు ఇంటికి మూడు వరుసల్లో గుంజలు పాతుతారు. నడిమి వరుస గుంజలు ఎత్తుగా ఉంటాయి, వాటి మీద వెన్నుగాడి కూర్చుంటుంది. పక్క వరుసలు పొట్టిగా ఉంటాయి, వాటి మీద దూలాలు. పైనుంచి కిందికి వాసాలు, వాసాల మీద అడ్డంగా వెదురు పెండెలు, వాటి మీద గడ్డి గానీ గూన పెంకులు గానీ. గోడ బరువు మోయదు. వెదురు తడక అల్లి, రెండు వైపులా మట్టి మెత్తి, పేడతో అలికితే అదే గోడ. బరువంతా గుంజల మీదనే. అందుకే మన ఇంట్లో కర్ర మంచిదైతే ఇల్లు మంచిది, కర్ర పుచ్చితే ఇల్లు కూలింది.

కర్రను ఎంచుకునే తెలివి తరాలుగా వచ్చింది. ప్రతి చెట్టు కాండంలోనూ బయట లేత కర్ర, లోపల చేవ ఉంటాయి. లేత కర్రను చెదలు తింటాయి, చేవను అంత తొందరగా ముట్టవు. టేకు చేవలో సహజంగా ఉండే నూనె గుణమే దాన్ని కాపాడుతుంది. కాబట్టి భూమిలో పాతే గుంజకు చేవ తేరిన టేకు, లేకపోతే నల్లమద్ది, ఏగిస వాడేవాళ్లు. పైకప్పు వాసాలకు ఇంత గట్టి కర్ర అక్కర లేదు, తేలికగా నిటారుగా ఉంటే చాలు. ఇప్పచెట్టును మాత్రం ఇంటి కోసం కొట్టరు. పువ్వు ఇచ్చే చెట్టు, గింజ ఇచ్చే చెట్టు నిలబడి ఉంటేనే ఇంటికి మేలు.

కొట్టే కాలం కూడా ఉండేది. వానలు పోయి, పంట ఇంటికి చేరి, చలి ముదిరాక గొడ్డలి తీసేవాళ్లు. అప్పుడు చెట్టులో రసం తక్కువ, కర్ర నెమ్మదిగా ఆరుతుంది, పగుళ్లు తక్కువ. వెదురును కొట్టి కొన్ని వారాలు వాగు నీళ్లలో నానబెట్టేవాళ్లు. వెదురులోని పిండి పదార్థం నీళ్లలో కరిగిపోతే పురుగుకు తిండి ఉండదు. గుంజ అడుగు భాగాన్ని నిప్పు మీద కాల్చి నల్లగా చేసి పాతేవాళ్లు. మేకులు దొరకని కాలంలో మోదుగ వేరు నార, అడ్డతీగ నార కట్లుగా పనికొచ్చాయి. నార కట్టు ఇల్లు విప్పడానికి కూడా వీలైంది. గూడెం చోటు మారితే మంచి గుంజలు, దూలాలు ఇంటివాళ్లతో పాటే బండి ఎక్కేవి.

ఇందులో ఒక సంగతి గమనించాలి. ఇంటికి కావలసిన కర్ర మొత్తం ఒకే చోట నుంచి వచ్చేది కాదు. కొంత చేని గట్టు మీదిది, కొంత పోడు కొట్టినప్పుడు మిగిల్చిన చెట్టుది, కొంత ఊరి అడవిది. టేకును మొదట్లో నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగుళ్లలో బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసేస్తే పాతిక ముప్పై ఏళ్లకు కొడుకు ఇంటికి గుంజ తయారు. తాత కొట్టిన మోడు మీద మనవడి దూలం పెరిగేది. మన చేలల్లో ఇప్పుడు నిలబడి ఉన్న టేకులో చాలాభాగం ఇట్లాంటి మోడు చిగురే. ఎవరూ నర్సరీ నుంచి తెచ్చి నాటింది కాదు, ఎద్దుల నుంచీ అగ్గి నుంచీ కాపాడి పెంచింది.

హద్దు రాళ్లు వచ్చిన కాలం

ఈ పద్ధతి మీద మొదటి దెబ్బ హద్దు రాయి రూపంలో పడింది. మద్రాసు రాష్ట్రంలో 1882లో అటవీ చట్టం వచ్చింది. గోదావరి, విశాఖ ఏజెన్సీలు దాని కిందికి వెళ్లాయి. అంతకు కొద్దిగా ముందే, 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. కల్లు మీద పన్ను, ముఠాదారుల మీద పెత్తనం, అడవి వాడకం మీద ఆంక్షలు దానికి కారణాలు. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట మన్యం ప్రజలు నడిచిన పోరాటంలోనూ అడవి నిర్బంధాలు, రోడ్డు పనుల వెట్టి ముఖ్యమైన కారణాలే.

నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్‌లో ఈ పని కొంచెం ఆలస్యంగా, కానీ అంతే గట్టిగా జరిగింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అడవికి హద్దులు గీసి రిజర్వు చేశారు. గూడేలు అడవి మధ్యలో దీవుల్లా మిగిలాయి. చేను హద్దు దాటితే జంగ్లాతు. పశువుల మేతకు పన్ను, కర్రకు మామూలు, వెదురుకు మామూలు. 1929 నాటికి కాజీపేట–బల్లార్షా రైలు దారి పూర్తయింది. రైలు వచ్చాక ఆదిలాబాద్ టేకు దూర నగరాల డిపోలకు చేరడం తేలికైంది. 1938లో కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు పుట్టింది, దానికి ముడిసరుకు మన వెదురు. అంటే ఒకే అడవికి రెండు దారులు ఏర్పడ్డాయి. రైలుకూ మిల్లుకూ కర్ర పోయే దారి తెరుచుకుంది. గూడెంలో ఇంటికి కర్ర వచ్చే దారి మూసుకుంది.

ఈ రెండో దారి తెరవమన్నవాళ్లలో కుమ్రం భీము ముందువాడు. జోడేఘాట్ చుట్టూ పన్నెండు గ్రామాల మీద హక్కు అడిగాడు. జల్, జంగల్, జమీన్ అనే మాట ఆయన పేరుతోనే మనలో నిలిచింది. అటవీ సిబ్బంది గూడేలను ఖాళీ చేయించడం, గుడిసెలు తగలబెట్టడం మన పెద్దలు భీము కథ చెప్పినప్పుడల్లా వచ్చే సంగతులు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో పోలీసు తూటాలకు భీము, ఆయన తోటివాళ్లు ప్రాణాలు విడిచారు. ఆ పోరాటాన్ని మనం పోడు భూమి పోరాటంగా చెప్పుకుంటాం. అది నిజమే. కానీ కాలిపోయిన ఇంటిని మళ్లీ కట్టుకోవడానికి కర్ర అడగాల్సి వచ్చిన మనుషుల పోరాటం కూడా అదే.

పట్టా వచ్చింది, చెట్టు రాలేదు

భీము చనిపోయాక నిజాం ప్రభుత్వం కారణాలు వెతుక్కుంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆ రోజుల్లోనే ఆదిలాబాద్ గోండుల మధ్య పని మొదలుపెట్టాడు. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో మన ఇళ్ల లాంటి ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరి సమాధులు ఇప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఆయన సిఫారసుల తర్వాత లావణీ ఖాస్ నియమాల కింద వేలాది ఆదివాసీ కుటుంబాలకు రుసుం లేకుండా పట్టాలు అందాయి. మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఆదివాసీ ప్రాంతాల కోసం ప్రత్యేక నిబంధనలు వచ్చాయి.

ఆ పట్టాలు మన చరిత్రలో పెద్ద మలుపు. వాటిని తక్కువ చేసి చూడకూడదు. ఇప్పటికీ మన ఊళ్లలో చాలా కుటుంబాలు ఆ కాగితం మీదే బతుకుతున్నాయి. కానీ పట్టా భూమికి వచ్చింది, భూమి మీద నిలబడిన చెట్టు సంగతి వేరుగా ఉండిపోయింది. జొన్న కోసుకోవడానికి ఎవరినీ అడగనక్కర లేదు. పత్తి ఏరుకోవడానికి అడగనక్కర లేదు. అదే చేని గట్టు మీద మన కళ్ల ముందు పెరిగిన టేకును కొట్టడానికి మాత్రం దరఖాస్తు కావాలి.

1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. తెలంగాణలో ఉన్న 1355 ఫస్లీ హైదరాబాద్ అటవీ చట్టం, ఆంధ్రలో ఉన్న 1882 మద్రాసు చట్టం, రెండింటి స్థానంలో ఇది ఒక్కటే నిలిచింది. దాని కింద 1970లో అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు వచ్చాయి. కలప ఒక చోటు నుంచి ఇంకో చోటుకు కదలాలంటే పర్మిట్ కావాలి, దుంగ మీద సుత్తి ముద్ర కావాలి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టాన్ని అందరూ వాల్టా అంటారు. అది పట్టా భూమిలోని చెట్టు కొట్టడానికి కూడా ముందస్తు అనుమతి అడుగుతుంది.

కాగితం మీద చూస్తే ఇదంతా సబబుగానే కనిపిస్తుంది. దరఖాస్తు పెడితే అనుమతి వస్తుంది గదా అనిపిస్తుంది. గూడెంలో అది ఎట్లా జరుగుతుందో మనకు తెలుసు. పహాణీ నకలు కావాలి, భూమి హద్దుల సర్వే కావాలి, చెట్ల లెక్క కావాలి, తనిఖీకి అధికారి రావాలి. పట్టా ఇంకా తాత పేరు మీదనే ఉంటే అక్కడే ఆగిపోతుంది. చేనుకూ రిజర్వు అడవికీ మధ్య హద్దు తేలకపోతే రెండు శాఖలు ఒకరి వైపు ఒకరు చూపించుకుంటాయి. నాలుగు గుంజల కోసం మండల కేంద్రానికి తిరిగిన బస్సు చార్జీలు, పోయిన కూలి రోజులు లెక్క వేస్తే సిమెంటు స్తంభం చవక. అడగకుండా కొడితే కేసు. అందుకే చేలో టేకు నిలబడి ఉండగానే ఇనుప పైపు కొనుక్కుని వచ్చే రోజులు వచ్చాయి.

బస్తర్ చెప్పే పాఠం

అయితే అనుమతులన్నీ తీసేస్తే సరిపోతుందా? సరిపోదని మన పొరుగునే ఉన్న బస్తర్ చెబుతుంది. అక్కడ సొంత పట్టా భూమిలోని చెట్లను మాలిక్ మక్బూజా అంటారు. మన కోయ, గోండు బంధువుల చేలల్లో పెద్ద పెద్ద టేకు చెట్లు ఉండేవి. 1990లలో కలప ధర పెరిగినప్పుడు వ్యాపారులు, దళారులు ఆ చేల మీద పడ్డారు. చెట్టు విలువ తెలియని రైతుకు చేతిలో కొన్ని నోట్లు పెట్టి లక్షల విలువైన కలప తీసుకుపోయారు. కొన్నిచోట్ల చెట్టు కోసం భూమినే రాయించుకున్నారు. అధికారుల చేతులు కూడా అందులో తేలాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆదివాసీ చెట్టును కాపాడే పేరుతో చట్టం అప్పటికే ఉంది, కలెక్టర్ అనుమతి అనే అడ్డుగోడ కూడా ఉంది. ఆ గోడ వ్యాపారికి అడ్డం రాలేదు.

మన దగ్గర కూడా ఈ కథ చిన్న రూపంలో నడిచింది. పట్టా టేకు పేరు చెప్పి రిజర్వు అడవి టేకు రవాణా చేసిన వ్యాపారులు ఉన్నారు. అప్పు కింద నిలువు చెట్టు రాయించుకున్న షావుకార్లు ఉన్నారు. కాబట్టి అటవీ శాఖ భయం ఊరికే పుట్టింది కాదని ఒప్పుకోవాలి.

మరి లోపం ఎక్కడ? మన ఆలోచనలో లోపం ఇదీ. చట్టం ప్రతి కర్రనూ అమ్ముడుపోయే సరుకుగానే చూసింది. అమ్మే కర్ర వేరు, వాడుకునే కర్ర వేరు అనే తేడా పాటించలేదు. లారీలో పోయే వంద దుంగలకూ, చేను నుంచి గూడెం దాకా ఎద్దుల బండిలో వచ్చే ఒక్క దూలానికీ ఒకే కాగితం అడిగింది. లారీ యజమానికి ఆ కాగితం తెచ్చుకునే తోవ తెలుసు. బండి యజమానికి తెలియదు. ఫలితంగా ఆపవలసిన లారీ పోయింది, పోనివ్వవలసిన బండి ఆగింది.

విధానాలు ఏమన్నాయి

ఈ తేడా ప్రభుత్వానికి అసలే తెలియదని అనలేం. 1952 జాతీయ అటవీ విధానం ఊరి అవసరాలకంటే జాతీయ అవసరాలను పైన పెట్టింది. పక్క ఊరు అయినంత మాత్రాన అడవి మీద ఊరివాళ్ల హక్కు దేశ ప్రయోజనాన్ని దాటకూడదన్నది దాని సారం. 1988 విధానం దాన్ని తిరగేసింది. అడవిలోనూ అడవి దగ్గరా బతికే ఆదివాసులు, పేదల ఇంటి అవసరాలే అటవీ ఉత్పత్తుల మీద మొదటి హక్కు అని రాసింది. వంటచెరకు, పశుగ్రాసం, చిన్నతరహా ఫలసాయంతో పాటు ఇంటి కట్టడానికి కావలసిన కలపను కూడా ఆ వరసలో పేరు పెట్టి చెప్పింది. ఈ మాట మనలో చాలామందికి తెలియదు. తెలిసి ఉండాలి.

ఈ రెండు విధానాల మధ్యలోనే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి కోసం, అడవి కోసం కూడిన మనవాళ్ల మీద కాల్పులు జరిగాయి. విధానం మారడానికి ముందు ఎంత నెత్తురు పోయిందో గుర్తు పెట్టుకోవడానికి ఆ తేదీ చెప్పుకోవాలి.

తర్వాత 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న అడవి భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, భార్యాభర్తల ఇద్దరి పేరునా హక్కు పత్రం ఇవ్వమంది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం ఇచ్చింది, అందులో వెదురును చేర్చింది. ఇంటి కప్పుకు, తడకకు వెదురు మన హక్కు అయింది. కానీ ఆ ఫలసాయానికి ఇచ్చిన నిర్వచనంలోనే కలప కానిది అనే మాట ఉంది. గుంజ, దూలం దాని బయటే ఉండిపోయాయి. ఇదే చట్టం బడి కోసం, ఆస్పత్రి కోసం, రోడ్డు కోసం గ్రామసభ సిఫారసు మీద అడవి భూమి ఇవ్వవచ్చంది, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా కొట్టవచ్చంది. ఊరికి రోడ్డు వేయడానికి చెట్టు కొట్టే దారి చూపిన చట్టం, ఆ ఊళ్లో ఇల్లు నిలబెట్టుకునే కర్రకు అంత సూటి దారి చూపలేదు.

అయినా ఆ చట్టంలో మనకు పనికొచ్చే పిడి ఒకటి ఉంది. సామాజిక అటవీ వనరును కాపాడే, పెంచే, నిర్వహించే హక్కు గ్రామసభది. ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు ఊరు 2009లో ఆ హక్కు సాధించింది. వెదురు మీద రవాణా పాసు ఇచ్చే అధికారం కోసం ఇంకో రెండేళ్లు కొట్లాడి 2011లో అదీ తెచ్చుకుంది. అంతవరకు ఇంకొకరి చేతిలో ఉన్న పాసు పుస్తకం గ్రామసభ చేతికి వచ్చింది. పాసు ఎవరు రాస్తారన్నదే అసలు ప్రశ్న అని ఆ ఊరు చూపింది.

ఇల్లు మారితే ఏం పోయింది

1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైనప్పటి నుంచి ప్రభుత్వ ఇల్లు అంటే ఇటుక, సిమెంటు, స్లాబు అనే లెక్క స్థిరపడింది. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కోలాం, తోటి, చెంచు, కొండరెడ్డి వంటి సమూహాలకు పక్కా ఇళ్లు ఇస్తోంది. పక్కా ఇల్లు వద్దని మనం అనడం లేదు. వానకు కారని కప్పు, పాము దూరని గోడ ప్రతి తల్లీ కోరుకునేదే. కానీ పక్కా అనే మాటలో మన కర్ర, మన మట్టి ఎందుకు లేవని అడుగుతున్నాం. చేవ దేరిన టేకు గుంజ ఒక మనిషి ఆయుష్షును మించి నిలబడుతుంది. వేసవిలో రేకుల కింద పసిపిల్లలను పడుకోబెట్టిన వాళ్లకు మట్టి గోడ, పెంకు కప్పు విలువ వేరే చెప్పనక్కర లేదు.

పోయింది ఇల్లు ఒక్కటే కాదు. బాడిసె పట్టి దూలం చెక్కేవాళ్లు, చెట్టును చూసి చేవ ఎంత ఉందో చెప్పేవాళ్లు, తడక అల్లే ఆడవాళ్లు, గూన పెంకు కప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. పని లేకపోతే విద్య ఉండదు. ఒకరి ఇల్లు లేస్తుంటే ఊరంతా చేయి వేసే పద్ధతి ఉండేది, దానికి ప్రతిఫలం భోజనం, తర్వాత మన వంతు సాయం. సిమెంటు ఇంటికి మేస్త్రీ బయటి నుంచి వస్తాడు, కూలి నగదు, నగదు కోసం అప్పు. ఇంకో నష్టం కూడా ఉంది. తన చేని చెట్టు తనకు పనికిరాదని తెలిసిన రైతు చెట్టును పెరగనివ్వడు. మోడు మీద లేచిన చిగురును దున్నేటప్పుడే పీకేస్తాడు. పెరిగాక కేసు పెట్టించుకోవడం ఎందుకని అనుకుంటాడు. చెట్టును కాపాడడానికి వచ్చిన నియమం చెట్టును మొలకలోనే చంపుతోంది.

మనం చేయవలసింది

మొదటిది, ప్రతి గ్రామసభ తన ఊరి పట్టా చేలల్లోని చెట్ల లెక్క తానే రాసి పెట్టుకోవాలి. చేను ఎవరిది, ఏ జాతి చెట్టు, చుట్టుకొలత ఎంత, గట్టు మీదనా నడిమిలోనా అన్నది పుస్తకంలో ఉండాలి. లెక్క మన దగ్గర ఉంటే రిజర్వు అడవి చెట్టును పట్టా చెట్టుగా చూపే వ్యాపారి ఆట సాగదు, పట్టా చెట్టును రిజర్వు చెట్టుగా చూపే బెదిరింపూ సాగదు.

రెండోది, సొంత ఇంటికి వాడుకునే కర్రకు ఒక పరిమితి పెట్టి, ఆ పరిమితి లోపల అనుమతి గ్రామసభ తీర్మానమే కావాలని అడగాలి. అమ్మే కలపకు ఇప్పటి నియమాలు ఉండనీయండి, వ్యాపారి మీద ఇంకా గట్టిగా ఉండనీయండి. వాడుకునే కర్రను దాని నుంచి విడదీయమనడమే మన కోరిక. 1988 విధానం ఇచ్చిన మాటను అమలు చేయమంటున్నాం, కొత్తగా ఏమీ అడగడం లేదు.

మూడోది, సామాజిక అటవీ హక్కు కోసం దరఖాస్తు పెట్టిన ఊళ్లు, పెట్టబోయే ఊళ్లు తమ నిర్వహణ ప్రణాళికలో ఇంటి కలపను కూడా రాయాలి. ఏ ఏడు ఎన్ని ఇళ్లు లేస్తాయి, ఎన్ని గుంజలు కావాలి, ఎన్ని మోడు చిగుళ్లు కాపాడాలి అని రాస్తే అడవికి కూడా భరోసా.

నాలుగోది మన చేతిలోనే ఉంది. బాడిసె పట్టే పెద్దలు ఉండగానే వాళ్ల పక్కన ఒక్కో పిల్లవాణ్ణి కూర్చోబెట్టాలి. కర్ర హక్కు రేపు వచ్చినా, కర్రను చూసి చేవ చెప్పగలిగినవాడు లేకపోతే ఆ హక్కు మళ్లీ కోత మిషన్ యజమానికే పోతుంది.

భీము అడిగిన మూడింటిలో జమీన్ కొంత వచ్చింది. జంగల్ కాగితం మీద కొంత వచ్చింది. ఆ రెండింటి మధ్య, చేని గట్టు మీద నిలబడి ఉన్న చెట్టు ఇంకా ఎవరిదో తేలలేదు. అది తేల్చుకునే పని మన తరానిది.